పాత కోత దగ్గర పొట్ట ఉబ్బుతోంది: బెల్టు చాలదా, ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 48. రెండేళ్ల కిందట పేగుకు రంధ్రం పడితే అర్ధరాత్రి అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. బొడ్డు పైనుంచి కిందదాకా నిలువుగా పెద్ద కోత. తర్వాత గాయానికి చీము పట్టింది. మానడానికి దాదాపు రెండు నెలలు పట్టింది, రోజూ డ్రెస్సింగే. ఏడాదిగా ఆ మచ్చ దగ్గర, బొడ్డుకు కాస్త పైన, ఉబ్బు కనిపిస్తోంది. నిలబడినా దగ్గినా పిడికిలంత అవుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. సాయంత్రం అయ్యేసరికి లాగుతున్నట్టు నొప్పి. ఈ మధ్య బస్సులో ఒకావిడ నేను కడుపుతో ఉన్నాననుకుని లేచి సీటిచ్చింది. అప్పటి నుంచి బయటికి వెళ్లడమే తగ్గించేశాను. ఇది కోత దగ్గర వచ్చిన హెర్నియా అని, మెష్ (సన్నటి వల) పెట్టి ఆపరేషన్ చేయాలని, ముందు షుగరూ బరువూ తగ్గించుకుని రమ్మని సర్జన్ చెప్పారు. షుగర్ మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 9.1 ఉంది. బీపీకి మాత్ర వాడుతున్నాను. కొన్ని నెలలుగా పొడి దగ్గు కూడా ఉంది. మెష్ లోపల కుళ్లిపోతుందని బంధువులొకరు భయపెట్టారు. మా వారేమో "నొప్పి పెద్దగా లేదుగా, వదిలెయ్" అంటున్నారు. వ్యాయామం చేస్తే పొట్ట గట్టిపడి అదే పోతుందని మా చెల్లెలు అంటోంది. అసలు మొదటి ఆపరేషన్ సరిగ్గా చేయకపోవడం వల్లే ఇలా అయిందా? బెల్టు పెట్టుకుంటే చాలదా? చేయించుకున్నాక మళ్లీ వస్తే ఏం చేయాలి? మా అక్క మనవడిని ఎత్తుకోవచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ సర్జన్ చెప్పినదాంట్లో రెండు మాటలున్నాయమ్మా. ఆపరేషన్ కావాలి అన్నది ఒకటి, ముందు షుగరూ బరువూ తగ్గించుకుని రండి అన్నది రెండోది. చాలామంది మొదటి మాటకు హడలిపోయి, రెండోదాన్ని డాక్టర్లు అందరికీ చెప్పే మాటేలే అని వదిలేస్తారు. నన్నడిగితే మీ విషయంలో రెండోదే ముఖ్యం. ఆపరేషన్ టేబుల్ ఎక్కేలోపు మీ చేతిలో ఉన్న మూడు నాలుగు నెలల్లో మీరేం చేస్తారన్నదాన్ని బట్టే ఆ రిపేరు ఎన్నాళ్లు నిలుస్తుందో చాలావరకు తేలిపోతుంది.

మీరు అడగకపోయినా ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. పడుకున్నప్పుడు ఉబ్బు లోపలికి పోతున్నంత కాలం కంగారు పడనక్కర్లేదు. ఏదో ఒక రోజు అది ఎంతసేపు పడుకున్నా లోపలికి పోకుండా గట్టిగా బిగుసుకుని, ముట్టుకుంటే ఓర్చుకోలేనంత నొప్పి పెడితే మాత్రం ఆ రోజే, ఆ గంటే ఆస్పత్రికి వెళ్లాలి. దానికి వాంతులు తోడైనా, గ్యాస్ గానీ మోషన్ గానీ పోవడం ఆగిపోయినా, ఉబ్బు మీద చర్మం ఎర్రగానో నల్లగానో మారినా, జ్వరం వచ్చినా ఇక ఆలోచించేది లేదు. పేగు ఆ సందులో ఇరుక్కుని రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే ఆ భాగం చచ్చుబడుతుంది. అలాంటప్పుడు బలవంతంగా లోపలికి నెట్టవద్దు. నొప్పి మాత్ర వేసుకుని తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. ఏమీ తినకుండా, తాగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి, వెళ్లగానే "నాకు హెర్నియా ఉంది, లోపలికి పోవడం లేదు" అని చెప్పండి. ఈ మాటలు మీ వారికి కూడా చదివి వినిపించండి. అవసరం వచ్చిన రోజున మిమ్మల్ని బయల్దేరదీయాల్సింది ఆయనే.

ఇక అసలు లోపల ఏం జరిగిందో చూద్దాం. పొట్ట గోడలో చర్మం, కొవ్వు, కండరాలు, వాటి మీద తెల్లటి గట్టి పొర, అన్నిటికంటే లోపల పెరిటోనియం అనే పల్చటి పొర ఉంటాయి. పొట్టకు బలమంతా ఆ తెల్లటి పొరదే. డాక్టర్లు దాన్ని ఫేషియా అంటారు. రెండు పక్కల కండరాల పొరలూ పొట్ట మధ్యలో నిలువుగా కలుసుకుంటాయి, మీకు కోత పెట్టింది సరిగ్గా అక్కడే. అత్యవసరంలో సర్జన్లు ఆ దారినే ఎంచుకుంటారు. తొందరగా లోపలికి వెళ్లొచ్చు, పైనా కిందా ఎటు కావాలంటే అటు పెంచుకోవచ్చు, రక్తస్రావం తక్కువ. ఇబ్బందల్లా తర్వాతే. పైన చర్మం రెండు వారాల్లో అతుక్కుని చూడ్డానికి చక్కగా కనిపిస్తుంది. లోపలి పొర అతుక్కోవడానికి నెలలు పడుతుంది, అతుక్కున్నాక కూడా మునుపటి బలం పూర్తిగా తిరిగి రాదు. ఆ నెలల్లో దగ్గినా, తుమ్మినా, ముక్కినా, మంచం మీద నుంచి ఒక్క ఊపున లేచినా కడుపులోని ఒత్తిడి అంతా ఆ కుట్ల మీద పడుతుంది. ఎక్కడో ఒకచోట పొర విడిపోతే, కుట్టు ఊడిన దిండు గలీబులోంచి దూది ఉబికినట్టు, పేగు గానీ, పేగుల మీద పరుచుకుని ఉండే కొవ్వు గానీ చర్మం కిందికి తోసుకొస్తుంది. దాన్నే ఇన్‌సిషనల్ హెర్నియా అంటారు. పైన మచ్చ మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది, అందుకే "కుట్లు బాగానే ఉన్నాయి కదా, ఇదెక్కణ్నుంచి వచ్చింది" అని అందరూ ఆశ్చర్యపోతారు.

మొదటి ఆపరేషన్ చేసిన డాక్టర్ తప్పా అని అడిగారు. ఇలాంటి నిలువు కోత పడిన ప్రతి 100 మందిలో సుమారు 10 నుంచి 20 మందికి తర్వాత హెర్నియా వస్తుంది. చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడుతుంది. కుట్టే పద్ధతి ప్రభావమూ ఉంటుంది, లేదనను. నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. పొర అంచు నుంచి 1 సెంటీమీటరు లోపలికి, 1 సెంటీమీటరు దూరంలో పెద్ద పెద్ద కుట్లు వేసినవాళ్లలో ఏడాది తిరిగేసరికి 21 శాతం మందికి హెర్నియా వచ్చింది. అర సెంటీమీటరు చొప్పున చిన్న చిన్న కుట్లు దగ్గర దగ్గరగా వేసినవాళ్లలో అది 13 శాతమే. ఆ అధ్యయనంలో ఉన్నవన్నీ ముందే తేదీ పెట్టుకుని తీరిగ్గా చేసిన ఆపరేషన్లు. అలాంటి పరిస్థితిలో, అంత జాగ్రత్తగా కుట్టినా 100లో 13 మందికి తప్పలేదన్నమాట.

మీకు జరిగింది అది కాదు. పేగుకు రంధ్రం పడి కడుపంతా మలినమైంది, అర్ధరాత్రి ప్రాణం కాపాడడానికి తెరిచారు. అలాంటి గాయాలకు చీము పట్టే అవకాశం ఎక్కువ, చీము పట్టిన గాయంలో హెర్నియా వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. చీము చేరినచోట కుట్ల చుట్టూ ఉన్న కణజాలం మెత్తబడి దారం జారిపోతుంది. షుగర్ అదుపులో లేకపోతే గాయం నెమ్మదిగా మానుతుంది. వీటికి తోడు అధిక బరువు, సిగరెట్, ఎడతెగని దగ్గు, మలబద్ధకం, మగవాళ్లకైతే ప్రోస్టేట్ వల్ల మూత్రానికి ముక్కడం, స్టెరాయిడ్ మాత్రలు, ఒంట్లో ప్రోటీన్ తగ్గిపోవడం, అదే కోతను రెండోసారి తెరవడం, ఇలా ఎన్నో కారణాలు. మీ విషయంలో నేనైతే మొదటి వేలు చీము వైపే చూపిస్తాను. ఆ రాత్రి చేసినవాళ్లను అనుమానించడానికి మీ ఉత్తరంలో నాకు ఏమీ కనిపించలేదు.

మీరు రాసినదాంట్లో నా చూపు ఆగింది పొడి దగ్గు దగ్గర. బీపీ మాత్ర పేరు మీరు రాయలేదు. ఒకసారి అట్ట తిప్పి చూడండి. మందు పేరు చివర "ప్రిల్" అని ఉందా? ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ లాంటి మందులు వాడేవాళ్లలో కొందరికి కఫం లేకుండా, గొంతులో గరగరగా, ముఖ్యంగా రాత్రిళ్లు పొడి దగ్గు వస్తుంది. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. దగ్గు మందులు ఎన్ని తాగినా తగ్గదు. కారణం అదేనని తేలితే బీపీ చూసే డాక్టర్ వేరే రకం మందుకు మారుస్తారు, కొన్ని వారాల్లో దగ్గు పోతుంది. మాత్రను మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ప్రిల్ మందు కాకపోతే ఆస్తమా, ఎసిడిటీ, ఊపిరితిత్తుల జబ్బు ఏదైనా ఉందేమో చూపించుకోవాలి. దగ్గు ఉండగా హెర్నియా రిపేరు చేయిస్తే కొత్త కుట్ల మీద రోజుకు వందసార్లు గుద్దు పడుతున్నట్టే. షుగర్ గురించి అందరూ అడుగుతారు, దగ్గు గురించి పేషెంటే గుర్తుచేయాల్సి వస్తుంది.

బెల్టు సంగతి. బెల్టు ఆ పొరలో పడిన రంధ్రాన్ని మూయదు, చిన్నది కూడా చేయదు. కొన్నాళ్లు వాడితే అతుక్కుంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పెద్దవాళ్లలో కోత దగ్గరి హెర్నియా దానంతట అది మూసుకోదు, దానికి మందు లేదు. అలాగని బెల్టు దండగ అనను. బరువుగా లాగే బాధ తగ్గుతుంది, నలుగురిలోకి వెళ్లేటప్పుడు ధైర్యంగా ఉంటుంది. ఇక నుంచి బస్సు ఎక్కడానికి అదే మీకు తోడైతే అలాగే వాడండి. పెట్టుకునే తీరు మాత్రం ముఖ్యం. వెల్లకిలా పడుకుని, ఉబ్బు పూర్తిగా లోపలికి పోయాక, ఆ స్థితిలోనే బెల్టు బిగించి అప్పుడు లేవాలి. నిలబడి, ఉబ్బు బయట ఉండగా దాని మీద బిగిస్తే పేగును బయట ఉంచి నొక్కినట్టవుతుంది. రాత్రి పడుకునేటప్పుడు తీసేయండి. కింద చర్మం ఒరుసుకుపోతోందా, పుండు పడుతోందా రోజూ చూసుకోండి. ఆపరేషన్ ముందు అక్కడ చర్మం శుభ్రంగా, ఆరోగ్యంగా ఉండాలి.

మీ చెల్లెలి మాటలో సగమే నిజం. కండరాలు గట్టిపడడం మంచిదే, అయితే చిరిగిన పొర అంచుల్ని ఏ వ్యాయామమూ దగ్గరకు లాగి కలపలేదు. వెల్లకిలా పడుకుని తల, భుజాలు ఎత్తే సిటప్స్ లాంటివి ఇప్పుడు చేస్తే లోపలి ఒత్తిడి పెరిగి ఉబ్బు మరింత బయటికి వస్తుంది. మరి వ్యాయామంతో పోయిందని చెప్పేవాళ్లంతా అబద్ధాలాడుతున్నారా? కాదు. కాన్పుల తర్వాత కొందరికి మధ్యలోని తెల్లటి పొర సాగి వెడల్పవుతుంది, రెండు కండరాలూ దూరం జరుగుతాయి. అక్కడ పొర సాగిందేగానీ చిరగలేదు. తల ఎత్తితే మధ్యలో నిలువుగా గట్టులా లేస్తుంది, వేలు పెట్టి చూస్తే రంధ్రం అంచు తగలదు. అలాంటివాళ్లకు వ్యాయామం పనికొస్తుంది. మీది అది కాదు. మీరు నిశ్చింతగా చేయదగ్గది నడక. రోజూ నడవండి, నెమ్మదిగా పెంచుకుంటూ పోండి. మనవడి సంగతంటారా, కింద నుంచి వంగి ఎత్తడం వద్దు. మీరు కూర్చోండి, వాణ్ని ఎవరైనా తెచ్చి ఒళ్లో కూర్చోబెడితే ఎంతసేపైనా ఆడించుకోండి. నీళ్ల బిందెలకూ గ్యాస్ సిలిండర్లకూ ఇదే వర్తిస్తుంది. మంచం మీద నుంచి లేచేటప్పుడు ముందు పక్కకు తిరిగి, చేత్తో ఆనుకుని లేవండి.

"వదిలెయ్" అన్న మీ వారి మాటను నేను కొట్టిపారేయను. ఉబ్బు చిన్నదై, బాధేమీ లేక, వయసు పైబడి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకు మేమే "ప్రస్తుతానికి చూద్దాం" అంటాం. ఇప్పట్లో పిల్లల్ని కనాలనుకునే అమ్మాయిలకు కూడా, బాధ పెట్టకపోతే, కాన్పు అయ్యాక చేద్దామని చెప్పడం మామూలే. మీకు 48. ఇంకా ఎన్నో ఏళ్లు చురుగ్గా తిరగాల్సిన వయసు. రోజూ నొప్పి ఉంది, ఇంటికే పరిమితమయ్యారు. హెర్నియా ఉన్నచోటే ఆగదు, ఏడాది ఏడాదికీ పెరుగుతుంది. మరీ పెరిగితే పేగుల్లో చాలా భాగం బయటే కాపురం పెడుతుంది, కడుపు లోపలి చోటు కుంచించుకుపోతుంది. అప్పుడు వాటిని లోపలికి సర్దితే ఊపిరి ఆడడమే కష్టమవుతుంది. ఇవాళ ఓ మాదిరి ఆపరేషన్‌తో పోయేది అప్పటికి పెద్ద ఆపరేషన్ అవుతుంది. ఇంకో సంగతి: ఉబ్బు చిన్నదైతే ప్రమాదం లేదని అనుకోకూడదు. సన్నటి రంధ్రంలోనే పేగు ఇరుక్కునే అవకాశం ఎక్కువ.

డాక్టర్ నిలబెట్టీ పడుకోబెట్టీ పరీక్ష చేస్తే చాలావరకు తెలిసిపోతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు చేతుల సాయం లేకుండా తల కాస్త ఎత్తమంటారు. పొట్ట బిగుసుకుంటుంది, రంధ్రం చుట్టూ అంచు వేలికి ఉంగరంలా తగులుతుంది. అయితే మీలాంటి పెద్ద కోత కింద ఒకటి పైకి కనిపిస్తే, దాని పైనో కిందో ఇంకో రెండు చిన్నవి దాక్కుని ఉండవచ్చు. అందుకే సీటీ స్కాన్ అడుగుతారు. రంధ్రాలు ఎన్ని, వెడల్పు ఎంత, కండరాలు ఎలా ఉన్నాయి, ఎంత పేగు బయట ఉంది అన్నీ అందులో తెలుస్తాయి. వెడల్పును బట్టి యూరోపియన్ హెర్నియా సొసైటీ మూడు తరగతులు చేసింది: 4 సెంటీమీటర్ల లోపు, 4 నుంచి 10, 10కి పైన. పైకి పిడికిలంత కనిపించినా లోపల రంధ్రం వెడల్పు వేరుగా ఉండవచ్చు. ఆపరేషన్ ఎంత పెద్దదన్నది తేల్చేది ఆ కొలతే.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. షుగర్ సగటు 9.1తో ముందే తేదీ పెట్టుకునే హెర్నియా ఆపరేషన్ చేయడానికి జాగ్రత్తగల సర్జన్ ఎవరూ ఇష్టపడరు. చాలామంది 8 లోపు ఉండాలంటారు, కొందరు ఇంకా తక్కువ అడుగుతారు. అది మూడు నెలల సగటు కాబట్టి ఆపరేషన్ ముందు నాలుగు రోజులు నోరు కట్టుకుంటే దిగదు. ఇవాళ మొదలుపెడితే మూడో నెలకు ఫలితం కాగితం మీద కనిపిస్తుంది. మాత్రలు సరిపోకపోతే కొన్నాళ్లు ఇన్సులిన్ అంటారేమో, వద్దనకండి. అధిక బరువున్నవాళ్లకు కోత దగ్గర ఇన్ఫెక్షనూ ఎక్కువే, హెర్నియా తిరిగి రావడమూ ఎక్కువే. మీ బరువెంతో రాయలేదు కాబట్టి ఎన్ని కేజీలు తగ్గాలో చెప్పలేను. ఆదర్శ బరువుకు వచ్చాకే అని పట్టుబడితే ఎవరికీ ఆపరేషన్ కాదు. ఉన్నదాంట్లో కొంత తగ్గినా, ముఖ్యంగా పొట్ట చుట్టూ తగ్గినా, అంచుల్ని దగ్గరకు లాగి కుట్టడం ఎంతో తేలికవుతుంది. ఉపవాసాలు చేసి ప్రోటీన్ తగ్గించుకుని మాత్రం రాకండి, గాయం మానేది దానితోనే. మోషన్‌కు ముక్కాల్సి వస్తుంటే పీచు, నీళ్లు పెంచి, అవసరమైతే మందుతో ముందే సరిచేసుకోండి. ఈ ఉత్తరం చదువుతున్న పొగరాయుళ్లకు ఒక మాట: ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి, పూర్తిగా. రోజుకు రెండే కాలుస్తున్నానంటే లెక్కలోకి రాదు.

మెష్ ఎందుకు, కుట్లు వేస్తే సరిపోదా అని మీరు అడగలేదు గానీ, మెష్ అంటే భయమున్నవాళ్లందరూ లోపల అనుకునేది అదే. ఒకప్పుడు కుట్లే వేసేవారు. నెదర్లాండ్స్‌లోనే చేసి 2000లో వెలువడిన మరో అధ్యయనం ఈ రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. మొదటిసారి రిపేరు చేయించుకున్నవాళ్లలో, మూడేళ్లు గడిచేసరికి కుట్లు మాత్రమే వేసినవాళ్లలో 43 శాతం మందికి హెర్నియా తిరిగొచ్చింది, మెష్ పెట్టినవాళ్లలో 24 శాతం. అదే పేషెంట్లను పదేళ్ల దాకా గమనిస్తే 63, 32 శాతాలకు చేరింది. అవి పాతికేళ్ల నాటి పద్ధతులు, అప్పటికీ ఇప్పటికీ మెష్ పెట్టే తీరు మెరుగైంది. చాలా చిన్న రంధ్రాలను మినహాయిస్తే ఇవాళ మెష్ లేకుండా రిపేరు చేయడం అరుదు. "మళ్లీ వస్తే?" అన్న మీ ప్రశ్నకు దాపరికం లేని జవాబు కూడా ఈ అంకెల్లోనే ఉంది. రాదని ఎవరూ రాసివ్వలేరు. వస్తే మళ్లీ రిపేరు చేయవచ్చు, కాకపోతే రెండోసారి, మూడోసారి చేసేకొద్దీ పని కష్టమవుతుంది, ఫలితం తగ్గుతుంది. మొదటి రిపేరుకే ఇంత సన్నద్ధం కమ్మని పోరుతున్నది అందుకే.

మెష్ కుళ్లదు. ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్ దారంతో అల్లిన వల. 1950ల చివర్లో అమెరికన్ సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ ఇలాంటి ప్లాస్టిక్ వలల్ని హెర్నియాకు వాడడం మొదలుపెట్టారు. అది శరీరంలో కరగదు, పాడవదు. దాని కళ్లలోంచి మీ సొంత కణజాలం పెరిగి అల్లుకుంటుంది, కొన్ని వారాల్లో వలా పొరా ఒకటైపోతాయి. మెష్ మీద భయం ఎక్కడ పుట్టిందో ఊహించగలను. గర్భసంచి, మూత్రాశయం జారినప్పుడు యోనిమార్గం ద్వారా పెట్టే మెష్‌ల వల్ల చాలామంది ఆడవాళ్లు ఇబ్బందులు పడ్డారు, 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటి అమ్మకాన్ని ఆపించింది. ఆ వార్తలు హెర్నియా మెష్‌కు కూడా అంటుకున్నాయి. చోటు వేరు, పని వేరు. అలాగని హెర్నియా మెష్‌కు సమస్యలే ఉండవని కాదు. అన్నిటికంటే పెద్దది ఇన్ఫెక్షన్. మెష్‌కు చీము పడితే నెలల తరబడి కారడం, ఒక్కోసారి మెష్ తీసేయాల్సి రావడం జరుగుతుంది. పేగుకు నేరుగా తగిలేలా మామూలు మెష్ పెడితే పేగు అతుక్కునే ప్రమాదం ఉంది. కొందరికి నొప్పి చాలాకాలం ఉంటుంది. మీ బంధువులు చూసిన కేసు బహుశా ఇన్ఫెక్షన్ అయినదై ఉంటుంది. దాన్ని తప్పించడానికే షుగర్ మీద ఇంత పట్టు.

మెష్‌ను ఎక్కడ పెడతారన్నది చాలా ముఖ్యం. చర్మం కింద, పొర పైన పెట్టడం తేలికే గానీ అక్కడ నీరు చేరడం, ఇన్ఫెక్షన్ ఎక్కువ. నిలువు కండరాల వెనక, పెరిటోనియం పొరకు ముందు పెట్టే పద్ధతిని ఫ్రెంచ్ సర్జన్లు రివ్, స్టొప్పా ప్రాచుర్యంలోకి తెచ్చారు. ఇవాళ ఎక్కువమంది నిపుణులు మొగ్గేది దానివైపే. అక్కడ మెష్‌కు ముందు కండరం, వెనక పొర రక్షణగా ఉంటాయి, కడుపులోని ఒత్తిడే దాన్ని గోడకు అదిమి ఉంచుతుంది. లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే కీహోల్ పద్ధతిలో చేస్తే, కోత చిన్నది, గాయానికి చీము పట్టడం తక్కువ, ఇంటికి తొందరగా వెళ్తారు. అయితే మీ కడుపులో ఒకసారి పెద్ద ఇన్ఫెక్షన్ అయింది కాబట్టి పేగులు లోపలి గోడకు అతుక్కుని ఉండే అవకాశం ఎక్కువ. వాటిని విడదీసేటప్పుడు పేగుకు గాయం కాకుండా చూడడమే అక్కడ పెద్ద పరీక్ష. అందుకే "కీహోల్‌లోనే చేయాలి" అని పట్టుబట్టకండి. ఆ సర్జన్ తరచుగా చేసే, చేయి తిరిగిన పద్ధతే మీకు మంచిది. రంధ్రం 10 సెంటీమీటర్లు దాటితే పక్క కండరాల పొరల్ని విడదీసి మధ్యకు జరిపే పద్ధతులున్నాయి. కొన్నిచోట్ల నెల ముందే ఆ కండరాలకు బోటాక్స్ ఇంజెక్షన్ ఇచ్చి వదులు చేస్తారు. అవును, ముఖం ముడతలకు వాడే బోటాక్సే.

ఆపరేషన్ తర్వాత రోజే నడిపిస్తారు, నడవండి. కోత పెద్దదైతే నీరు పోవడానికి ఒకటి రెండు గొట్టాలు పెడతారు. దగ్గు వచ్చినప్పుడు చిన్న దిండును రెండు చేతులా పొట్టకు అదుముకుని దగ్గండి. బరువులు ఎత్తకుండా సాధారణంగా ఆరు వారాలు, పెద్ద రిపేరైతే మూడు నెలల దాకా ఆగమంటారు. కొందరికి రెండో మూడో వారంలో అదే చోట మళ్లీ ఉబ్బు లేస్తుంది. ఇంకేముంది, అంతా పోయిందని ఏడుస్తూ వస్తారు. చాలాసార్లు అది హెర్నియా కాదు, పాత ఉబ్బు ఉన్నచోటి ఖాళీలో చేరిన నీరు. స్కాన్‌లో తెలిసిపోతుంది, ఎక్కువ భాగం దానంతట అదే ఇంకిపోతుంది. ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం వస్తే తప్ప సూది గుచ్చి తీయించుకోవడానికి తొందరపడకండి. గుచ్చినప్పుడల్లా సూక్ష్మక్రిములు లోపలికి వెళ్లే దారి ఒకటి తెరుచుకుంటుంది.

మళ్లీ సర్జన్‌ను కలిసేటప్పుడు మొదటి ఆపరేషన్ డిశ్చార్జ్ కాగితాలు, దొరికితే ఆపరేషన్ నోట్స్ కూడా తీసుకెళ్లండి. అప్పుడు ఏ పేగు కుట్టారో, ఏమైనా తీసేశారో ఆయనకు తెలియాలి. గాయం చీమును ల్యాబ్‌కు పంపి ఉంటే ఆ రిపోర్ట్ మరీ ముఖ్యం, ఏ క్రిమి అప్పుడు ఇబ్బంది పెట్టిందో చూసి ఈసారి యాంటీబయాటిక్ ఎంచుకోవచ్చు. వాడుతున్న మందులన్నిటి పేర్లూ, రక్తం పల్చబడే మాత్రలుంటే వాటితో సహా, ఒక చీటీ మీద రాసుకోండి. సీటీ తీయిస్తే రిపోర్ట్ ఒక్కటే కాకుండా ఫిల్ములు గానీ సీడీ గానీ కూడా ఇవ్వమనండి. అక్కడ అడగాల్సినవి: నా రంధ్రం వెడల్పు ఎంత, ఎన్ని ఉన్నాయి, మెష్ ఏ పొరలో పెడతారు, పేగు తెరవాల్సి వస్తే మెష్ విషయంలో ఏం చేస్తారు, ఇలాంటివి మీరు తరచుగా చేస్తుంటారా. చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి, తరచుగా చేసేవాళ్లు దానికి నొచ్చుకోరు. ఈ వారంలో మాత్రం ముందు బీపీ మాత్ర అట్ట తిప్పి చూడండి.